ఎదురు పురి దారం

నవంబరు 3

మళ్ళీ నా కుర్చీలో కూర్చుంది. కిటికీ పక్కది. పై గదిలో వెలుతురు సరిగ్గా పడేది ఆ ఒక్కచోటే అని దానికీ తెలుసు.

"ఒక్క ఫొటో తీసుకుని లేస్తా అక్కయ్యా" అంది. తీసుకుంది. ఇంకోటి తీసుకుంది. నా ఫ్రేము మీద నేను కుట్టిన నెమలి, దాని పక్కన లత మొహం. ఆ నెమలి ఎవరు కుట్టారని ఫోనులో జనం అడిగితే ఏం చెబుతుందో నాకు తెలియదా?

మరిది పెళ్ళాం కదా అని ఊరుకోవాలి. చిన్నది కదా అని ఊరుకోవాలి. శ్రీను దర్శి నుంచి దీన్ని చేసుకొచ్చిన రోజు నుంచీ ఊరుకుంటూనే ఉన్నాను.

నవంబరు 5

పొద్దున కింద మా చీరల షాపుకి గుంటూరు వాళ్ళు వచ్చారు. మిర్చి వ్యాపారం. కూతురి పెళ్ళి, మాఘమాసంలో. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో నాకు తుమ్ములు మొదలు — కారులోనూ, బట్టల్లోనూ అదే ఘాటు. చీరలు తొందరగానే తేలాయి. జాకెట్టు దగ్గర ఆగింది బేరం.

పెళ్ళికూతురు ఫోను తీసి చూపించింది. జాకెట్టు చేతుల మీద గులాబీలు. బట్టకి అంటుకుని లేవు. లేచి నిలబడ్డాయి, రేకు కింద వేలు దూర్చవచ్చు. బ్రెజిలియన్ ఎంబ్రాయిడరీ అట. డైమెన్షనల్ అని కూడా అంటారట.

"మగ్గం వర్కు అందరూ వేయించుకుంటున్నారండీ. నాకిదే కావాలి. చేస్తారా?"

శ్రీను నోటికి హద్దుండాలి కదా — "ఎందుకు చెయ్యమండీ? మావాళ్ళకి కొట్టిన పిండి."

మావాళ్ళట. నేను ఆ పేరు వినడమే ఇవాళ.

వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగాడు. "వదినా, నీకు ఇంగ్లీషు వచ్చుగా. నేర్చుకునే పుస్తకాలు ఏవైనా ఉంటే చూసి తెప్పించు. నీకొకటి, లతకొకటి. ఎవరి పువ్వు బాగా వస్తే పై గది వాళ్ళు చూసుకుంటారు. రెండోవాళ్ళు కింద నాతోపాటు కౌంటర్లో ఫాల్స్ చూసుకోవచ్చు."

ఎంత తేలిగ్గా అనేశాడు! అట్టపెట్టెలూ ఎలుకలూ తప్ప ఏమీ లేని గది అది. నేను కడిగాను, నేను సున్నం వేయించాను, చీరాల్లో మా గది పేరు చెప్పి జాకెట్లు ఇచ్చే స్థాయికి నేను తెచ్చాను. ఇప్పుడు పోటీ పెడతాడట. నాకూ దానికీ.

ఈయన అక్కడే ఉన్నారు. తమ్ముడు మాట్లాడినంతసేపూ కళ్ళజోడు తుడుచుకున్నారు. అంత మురికి ఏముందో.

నవంబరు 6

ఎవరితోనూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

నవంబరు 8

ఫోనులో పుస్తకాల నమూనా పేజీలు చూస్తున్నాను. కళ్ళు లాగేస్తున్నాయి.

మొదటిది — రాసినావిడ పదిహేను పేజీలు తన తోట గురించి చెప్పింది. ఆ తోటలో ఏ పువ్వు ఎప్పుడు పూస్తుందో చెప్పింది. సూది ఎటు పొడవాలో మాత్రం చెప్పలేదు. కొట్టేశాను.

రెండోది — అన్నీ అచ్చు బొమ్మలు, కింద "సులభం" అని నక్షత్రాలు. సులభమైతే నీ పుస్తకం ఎందుకమ్మా.

మూడోది — లావుగా, నిగనిగలాడుతూ ఉంది. ప్రతి కుట్టుకీ పెద్ద పెద్ద ఫొటోలు, చేతులు స్పష్టంగా కనబడుతున్నాయి. చదువు రాకపోయినా చూసి కుట్టొచ్చు. బాగుంది అనుకున్నాను. ఒక మూల సన్నటి అక్షరాలు — ఈ పుస్తకంలో నమూనాలన్నీ నూలు దారంతో చేసినవి.

అక్కడ ఆగాను. పెళ్ళికూతురు చూపించిన మెరుపు నూలుది కాదు.

నవంబరు 10

దొరికింది. నాలుగో పుస్తకం. సన్నది, రంగుల్లేవు, గీతల బొమ్మలు, చూస్తే ఎవరూ ముట్టుకోరు. కానీ రాసినావిడకి పని తెలుసు. మొదటి పేజీలోనే అసలు సంగతి చెప్పింది. ఈ పనికి వాడేది రేయాన్ దారం. దాని పురి, అంటే పోగులు పేనిన వైపు, నూలు దారానికి ఎదురు. అందుకని సూది మీద దారాన్ని మామూలుగా చుట్టే వైపు చుట్టకూడదు. ఎదురువైపు చుట్టాలి. మామూలుగా చుడితే పురి విచ్చుకుపోయి రేకు పీచులా అయిపోతుంది.

పురి అంటే మా ఇంట్లో చెప్పాలా? అత్తగారు వయసులో ఉన్నప్పుడు రాట్నం తిప్పిన మనిషి. కళ్ళు మూసుకుని వేళ్ళతో నలిపి పురి ఎటో చెప్పేస్తారు. ఒక్క మాటతో నాకు పుస్తకం అంతా అర్థమైనట్టే అనిపించింది.

చివర్లో ఎడమచేతి వాటం వాళ్ళకి వేరే పేజీలు ఉన్నాయి. ఎడమ చేతి బొమ్మలు, ఒక్కో కుట్టుకీ.

ఆ పేజీల మీద చాలాసేపు ఆగాను.

లతది ఎడమ చెయ్యి. అన్నం కుడిచేత్తోనే తింటుంది, అత్తగారు ఊరుకోరు కాబట్టి. సూది, కత్తెర మాత్రం ఎడమచేత్తోనే. ఎవరెన్ని చెప్పినా మార్చుకోలేదు. పెళ్ళి జాకెట్టు మీద దాని చెయ్యి పడకూడదని అత్తగారి మాట — "శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఎడంచెయ్యేంటి?" లైనింగులు, అంచు మడతలు, బయటికి కనబడనివన్నీ దానికి. పైకి కనబడేవి నాకు. నేను ఎప్పుడూ కాదనలేదు. ఎందుకు కాదంటాను?

నవంబరు 11

రెండు పుస్తకాలు తెప్పిస్తున్నాను. నాలుగోది నాకు. మూడోది దానికి.

దారాలు, సూదులు మాత్రం ఇద్దరికీ ఒకటే. రేయానే.

రాసుకున్నాక చదివాను. బాగానే ఉంది. కొట్టెయ్యను.

నవంబరు 17

వచ్చాయి. దానికి లావు పుస్తకం ఇచ్చాను. ఎగిరి గంతేసింది. "అబ్బ, ఎంత బాగుందో! నాకు ఇంత మంచిది ఇచ్చి మీరు ఆ బక్కది ఉంచుకున్నారేంటి అక్కయ్యా?"

"నాది ఉత్త చదువు పుస్తకంలే. బొమ్మలుండవు. నీకెందుకు."

"నాకొద్దు బాబోయ్, ఇంగ్లీషు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి."

పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని ఫొటో తీసుకుంది. నాకేమీ జాలి వెయ్యలేదు. నాది తెచ్చి బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టాను. కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు.

నవంబరు 19

సూదులు బాగున్నాయి. పొడుగ్గా, మొదలు నుంచి కన్నుదాకా ఒకే లావు. చుట్టలు పేర్చి సూదిని లాగితే ఎక్కడా పట్టేసుకోదు. దారం చేపలా మెరుస్తోంది. గుంటూరు పిల్లని ఒప్పుకోవాలి, కన్ను మంచిది.

నవంబరు 20

రాలేదు.

రేకు ఎలా వస్తుందంటే — సూది మొన బట్టలోంచి బయటికి తీసి, దాని మీద ఉచ్చులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, మెల్లగా లాగాలి. ఉచ్చులన్నీ కలిసి వంగి రేకవుతాయి. చదివితే అంతే. ఎదురువైపు, ఎదురువైపు అని పైకి అనుకుంటూ మొదలుపెడతాను. నాలుగు ఉచ్చులు సరిగ్గా పడతాయి. ఐదోదానికి వేలు తన దారిన తను తిరుగుతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. లాగేసరికి సగం రేకు బిగువుగా, సగం పీచుగా. చీపురు పుల్లల్లా వచ్చింది.

కింద నుంచి లత పాట. ఎందుకంత సంతోషం దానికి?

నవంబరు 22

ఇవాళ చేసింది ఎవరికీ చెప్పుకోలేను.

దారం ఊరికే చిక్కులు పడుతోంది, పీచులేస్తోంది అని చిరాకేసింది. మా ఇంట్లో దారం మాట వినకపోతే ఏం చేస్తాం? గంజి పెడతాం. మగ్గం మీది పడుగు దారానికి పెట్టినట్టు పల్చగా గంజి కాచి, ముంచి, తీసి, నీడలో ఆరేశాను. పుస్తకంలో ఉత్త నీళ్ళతో తడపమని ఉంది. నీళ్ళతో తడిపితే ఏమొస్తుంది, వాళ్ళకేం తెలుసు అనుకున్నాను.

ఆరాక చూస్తే మెరుపు చచ్చింది. సూది కన్నులో గంజి పొట్టు. దారం చాప పుల్లలా బిగుసుకుపోయి, వంచితే విరుగుతోంది. గులాబీ రంగు గులాబీ రంగులా లేదు.

అత్తగారు వచ్చి ముట్టుకుని చూశారు. "గంజి ఎక్కువైందమ్మాయ్" అన్నారు. అంతే. గంజి పెట్టడం తప్పని ఆవిడకీ తోచలేదు. మొత్తం చుట్టి చెత్తబుట్టలో వేశాను. లత చూసిందేమో. చూసే ఉంటుంది.

నవంబరు 24

తుఫాను వాన. సముద్రం మీంచి ఒకటే గాలి. షాపులో పురుగు లేదు. లతకి పుట్టింటి నుంచి ఫోను — ఏరకుండా ఉన్న పత్తి తడిసిపోయిందట. కాసేపు ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పుస్తకం ముందేసుకుంది.

దాని గది ముందు నుంచి పోతూ చూశాను. మంచం మీద పుస్తకం తెరిచి, దాని పక్కన అద్దం నిలబెట్టుకుంది. గోడకి తగిలించుకునే పెద్ద అద్దం. కుడుతోంది, అద్దంలోకి చూస్తోంది. కుడుతోంది, చూస్తోంది. తండ్రి పంట నీళ్ళలో ఉంటే మొహం ఎలా ఉందో చూసుకుంటోంది మహాతల్లి!

ఈయనతో అన్నాను. "పోనీలే" అన్నారు. ఈయన నోట్లో ఇంకో మాట ఉండదు.

నవంబరు 25

నాకు రెండు రేకులు వచ్చాయి. తలుపేసుకుని, పుస్తకం ఎదురుగా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఎవరైనా పిలిస్తే మూడోది పోతుంది. పిలిచారు. పోయింది.

నవంబరు 27



పొద్దున లత పై గదిలోకి వచ్చి నా ముందు చిన్న గుడ్డముక్క పెట్టింది. "చూడండి అక్కయ్యా, పర్లేదా?"

గులాబీ. లేచి నిలబడ్డ గులాబీ. ప్రతి రేకూ బిగువుగా, అంచు గుండ్రంగా, లోపలి రేకులు ముడుచుకుని, బయటివి విచ్చుకుని. ఒక్క పోగు కూడా విడిపోలేదు. వేలు పెట్టి చూశాను. రేకు కింద వేలు దూరింది.

"నువ్వేనా?"

"మరెవరు కుడతారు? ఆ దారం భలే మంచిదక్కయ్యా. చెప్పినట్టు వింటుంది."

"ఆ పుస్తకం చూసే?"

"ఆ. కాకపోతే అన్నీ కుడిచేతి బొమ్మలు గదా, నా బుర్రకి ఎక్కలేదు. అద్దం పెట్టుకున్నా. అద్దంలో అవి ఎడంచేతులైపోతాయి. చిన్నప్పటి నుంచీ నాకదే అలవాటు, బళ్ళో చిలక బొమ్మ కుట్టిందీ అట్టాగే."

మొహం చూసుకోవడానికి కాదన్నమాట అద్దం.

నాకు అప్పుడు తెలిసింది. నేనిచ్చింది నూలు దారం పుస్తకం. రేయానుకి తప్పుడు వైపు చుట్టే పుస్తకం. అద్దంలో ఆ వైపు తిరగబడింది. తప్పు కాస్తా ఒప్పయింది. దాని చెయ్యి మామూలుగా తిరిగే వైపే ఈ దారానికి కావలసిన వైపు. దానికి ఎదురు పురి అంటే ఏమిటో తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు.

ఏరి ఏరి దానికి సరిపడే పుస్తకమే చేతిలో పెట్టాను. నా అంత తెలివిగలది ఈ జిల్లాలో ఉండదు.

నవంబరు 28

అత్తగారికి కాఫీ ఇస్తూ అన్నాను. ఏమీ తెలియనట్టు అన్నాను. "గుంటూరు వాళ్ళ పెళ్ళి జాకెట్టు లతే కుట్టేట్టుంది."

గ్లాసు కింద పెట్టేశారు. "ఎడంచేత్తోనా! పెళ్ళిగుడ్డా! శ్రీనుగాడికి మతి ఉందా?"

మధ్యాహ్నానికల్లా ఇల్లంతా అదే గొడవ. శ్రీను తల పట్టుకున్నాడు. "ఏ కాలంలో ఉన్నావే అమ్మా? చెయ్యి చూస్తారా, పువ్వు చూస్తారా?" "ఆడపిల్ల జీవితంరా అది. రేపేదన్నా అయితే మనల్నంటారు." లత వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తోంది. నేను పై గదిలో కూర్చుని విన్నాను. నా కుర్చీలో.

ఎంత రుచిగా అన్నం తిన్నానో రాత్రి.

నవంబరు 30

శ్రీను ఆ గులాబీ ఫొటో గుంటూరుకి పంపాడు. అరగంటలో ఫోను. పిల్ల ఎగిరి గంతులేస్తోందట. తల్లి మాత్రం తన పద్ధతి చెప్పింది — ధనుర్మాసం రాకముందే మంచిరోజు చూసి గుడ్డ తానే తెస్తుంది. గుడ్డకి పసుపు పెట్టి, మొదటి కుట్టు తన కళ్ళ ముందు పడాలి. కుట్టిన చేతికి తాంబూలం ఇస్తుంది. ఆ చేత్తోనే జాకెట్టు పూర్తవ్వాలి. వాళ్ళింట్లో పెళ్ళికూతురి బట్ట ఎప్పుడూ అంతేనట.

"కుట్టే అమ్మాయి పెళ్ళైన మనిషేగా? చెయ్యి మంచిదేగా?" అని అడిగిందట.

"బంగారం లాంటి చెయ్యండీ" అన్నాడట వీడు.

డిసెంబరు 1

ఇవాళ శ్రీను పైకి వచ్చాడు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చోడు.

"వదినా, ఒక్క సాయం చెయ్యి. గుంటూరావిడ ఎడంచెయ్యి చూస్తే ఒప్పుకోదు, ఆవిడ వచ్చినప్పుడు నువ్వు కూర్చో. ఒక్క రేకు కుట్టు, తాంబూలం తీసుకో. తర్వాత జాకెట్టంతా లత కుడుతుంది. ఆవిడకెట్టా తెలుస్తుంది? అమ్మ నోరు నేను మూయిస్తా. గది నీదే, కుర్చీ నీదే. నేనేమీ మార్చను."

నెల నుంచి కోరుకుంటున్నది ఇదే కదా. గది. కుర్చీ. పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు. ఎందుకు తీసుకోలేకపోయానో తెలియదు, ఒళ్ళు మండిపోయింది. నేను బొమ్మనా, షోకేసులో కూర్చోబెట్టడానికి? అది కుట్టిన పువ్వుకి నా మొహమా?

"లత ఏమంటుంది?"

గుమ్మంలోనే ఉంది. చేతులు కట్టుకుని.

"నాదేముంది? అక్కయ్యనే కూర్చోనివ్వండి. ఆవిడకి కూర్చోవడమేగా వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. శ్రీను కూడా "ఏయ్" అనలేదు. మెట్లు దిగి పోయింది.

సరే అన్నాను. కసితోనే అన్నాను.

డిసెంబరు 2

ఒక్క రేకు. అందరి ముందూ, ఆవిడ చూస్తుండగా, పుస్తకం లేకుండా. నా చెయ్యి ఐదో ఉచ్చు దగ్గర తిరగబడుతుంది. పెళ్ళిగుడ్డ మీద మొదటి రేకు పీచులా విచ్చుకుంటే ఆవిడ ఏమంటుందో చెప్పక్కర్లేదు. జాకెట్టు పోతుంది, చీరలు పోతాయి, గుంటూరులో మా పేరు పోతుంది. ఆపైన పై గది ఎవరిదైతేనేం.

లతని అడగాలి, ఎలా బిగిస్తున్నావని. చచ్చినా అడగను.

డిసెంబరు 3

మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. గది గడియ పెట్టాను.

కుడిచేత్తో కుట్టాను, పీచు. మళ్ళీ పీచు. ఒళ్ళు తెలియని కోపం వచ్చి సూది ఎడమచేతిలోకి మార్చుకున్నాను. అసలు దానికేముంది ఆ చేతిలో, చూద్దామని.

పొడవడం రాదు. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది. చిన్నపిల్ల సూది పట్టుకున్నట్టు ఉంది. కానీ ఉచ్చులు — వేలు తన దారిన తను తిరిగింది, అదే సరైన దారి. ఐదోదీ పడింది, ఆరోదీ పడింది. లాగాను.

వంకరగా ఉంది. లావుగా ఉంది. కానీ లేచి నిలబడింది, ఒక్క పోగు విడలేదు.

ఏడుపొచ్చింది. సంతోషం కాదు. ఇన్నేళ్ళు అదే చేత్తో అంచులు మడిచింది, లైనింగులు వేసింది. నేను కిటికీ పక్కన కూర్చుని చూశాను. అది తలుచుకుంటే మళ్ళీ దాని మీదే కోపం వచ్చింది. ఎందుకో.

డిసెంబరు 4

కుడిచెయ్యి రానంటోంది. ఎడమచెయ్యి పెళ్ళిగుడ్డకి పనికిరాదు. పనికిరాదని ఇంట్లో అందరికీ మళ్ళీ గుర్తు చేసిందెవరు? నేనే.

డిసెంబరు 5

రేపే వస్తున్నారు.

ఆవిడ ముందు నేను పట్టుచీర కట్టుకుని కూర్చోవాలట. అత్తగారి ఆర్డరు. నేను స్నానంలో ఉండగా లతకి తాళాలిచ్చి బీరువాలోంచి ఎర్ర అంచుది తీసుకురమ్మన్నారు.

నేను తల తుడుచుకుంటూ గదిలోకి వచ్చేసరికి నా మంచం మీద కూర్చుని ఉంది. చీర పక్కన పడుంది. ఒళ్ళో బక్క పుస్తకం. చివరి పేజీలు తెరిచి ఉన్నాయి.

తల ఎత్తలేదు. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టి, పక్కన తన చెయ్యి పెట్టి చూసుకుంటోంది. బొమ్మలో సూది పట్టుకున్నట్టే తనూ వేళ్ళు మడిచింది.

"ఇవి నా చేతుల్లా ఉన్నాయేంటక్కయ్యా?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నాకూ ఏదో ఒకటి అనడానికి దొరికేది.

"బొమ్మలుండవన్నారుగా" అంది తర్వాత. "వానలో అద్దం పట్టుకుని కూర్చున్నా. మెడ పట్టేసింది. ఈ పేజీలు అప్పుడు కూడా ఇక్కడే ఉన్నాయా?"

ఉన్నాయి. పట్టుచీరల కింద. తల తుడుచుకుంటూనే ఉన్నాను, ఆరిపోయిన తలని.

పుస్తకం మూసింది. తనతో తీసుకుపోలేదు, తిరిగి బీరువాలోనూ పెట్టలేదు. చీర మీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"రేపు మీ పక్కనే కూర్చుంటా అక్కయ్యా."

ఏ ఉద్దేశంతో అందో తెలియలేదు. సాయానికా, సాక్ష్యానికా?

లత శ్రీనుకి చెప్పలేదు. అత్తగారికీ చెప్పలేదు. చెబితే ఈపాటికి కింద కేకలు వినబడేవి. ఎప్పుడు చెప్పాలో చూసుకుంటోంది. నేనైతే అదే చేస్తాను.

డిసెంబరు 6

పట్టుచీర కట్టుకున్నాను. గుచ్చుకుంటోంది.

పై గది కడిగారు. ముగ్గు వేసింది లతే, కుడిచేత్తో. పీట మీద పసుపు గిన్నె, తాంబూలం పళ్ళెం, నా ఫ్రేము. నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. నేను వెయ్యలేదు.

కుడి చేతికి పొద్దున నుంచి నాలుగుసార్లు చెప్పి చూశాను. రెండుసార్లు విన్నది.

ఒక దారి ఉంది. ఆవిడ కూర్చోగానే నేను లేచి, ఈ పువ్వు నాది కాదండీ, మా లతది, చెయ్యి ఎడమది, మీ ఇష్టం అనెయ్యడం. అంటే ఆవిడ లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళకపోనూ వచ్చు. అప్పుడు కుర్చీ దానిది, కింద కౌంటరు నాది. నోరు తెరిస్తే ఆ మాట వస్తుందో లేదో నాకే నమ్మకం లేదు.

కారు వచ్చింది. ఇక్కడిదాకా ఆ మిర్చి ఘాటు. "వదినా!" అని పిలుస్తున్నాడు. అత్తగారు "రండమ్మా, మెట్లు జాగ్రత్త" అంటున్నారు.

లత నాకంటే ముందే పైకి వెళ్ళింది. చంకలో ఆ పెద్ద అద్దం. నాకు చూపించడానికో, నన్ను పట్టించడానికో అడగలేదు.

నేను సూది తియ్యగానే అందరూ వినేట్టు "ఏ చేత్తో అక్కయ్యా?" అంటుంది. ఆ ఒక్క మాట చాలు. దాని స్థానంలో నేనుంటే అడుగుతాను.

ఒక్క క్షణం ఆలోచించకుండా అడుగుతాను.

మళ్ళీ పిలుస్తున్నారు. వెళ్ళాలి.